కుక్క ఇంకా బయటే ఉంది

మా ఇంటి ముందు తలుపు ఎవరైనా కొట్టారంటే ఆ మనిషి ఈ ఊరివాడు కాడని వేరే చెప్పక్కర్లేదు. ఐర్లండులోని మా బార్నగీ ఊళ్ళో ముందు తలుపు ఉన్నది ఫాదర్‌కి, డాక్టరుకి, శవపేటికకి. మిగతా లోకమంతా పెరటి వైపు నుంచి గొళ్ళెం ఎత్తుకుని లోపలికి వచ్చేసి, ఆ తర్వాత పలకరిస్తుంది. మా ముందు తలుపులోంచి ఆఖరున బయటికి వెళ్ళింది మా నాన్న. అప్పటి నుంచి అది వానలకు ఉబ్బి బిగుసుకుపోయింది. నేనూ దాని జోలికి పోలేదు.

అందుకే అక్టోబరు చివర్లో ఓ మధ్యాహ్నం ఆ తలుపు మీద చప్పుడు కాగానే నేనూ, పక్కింటి మైల్స్ రడ్డీ చేతుల్లో టీ కప్పులతో మొహమొహాలు చూసుకున్నాం. మైల్స్‌కి పెళ్ళీ పెటాకులూ లేవు. రోజూ మా పొయ్యి ముందు కూర్చుని నా టీ తాగుతూ ఊళ్ళో అందరి మీదా తీర్పులు చెప్పడమే అతనికున్న పని.

"వాడే," అన్నాడు మైల్స్ గొంతు తగ్గించి. "ఆ టేపు రికార్డరువాడు. నీ దాకా కూడా వచ్చేశాడన్నమాట."

ఆ మనిషి సోమవారం బస్సు దిగి విన్నీ లవెల్ పబ్బు మేడ మీద గది తీసుకున్నాడు. పేరు లెస్లీ గోర్మన్ అట. ఊరు ఇంగ్లండులో కోవెంట్రీ అట. మన ఐరిష్ వాళ్ళ యాస మాటలకు అర్థమేమిటో, అవి ఎక్కడ పుట్టాయో తెలుసుకుని పుస్తకం వేస్తాడట. ఈ కథ ఊళ్ళో ఒక్కరూ నమ్మలేదు. నిరుద్యోగ భృతి తీసుకుంటూనే చాటుగా బురదనేలలో పొయ్యిలోకి పీట్ మట్టిగడ్డలు కోసుకు అమ్ముకునేవాళ్ళు మాలో సగం మంది, వాళ్ళంతా ఇతను భృతి ఆఫీసు గూఢచారి అని తేల్చారు. టీవీ లైసెన్సు కట్టనివాళ్ళు టీవీల మీద దుప్పట్లు కప్పారు. మాటల కోసం సముద్రం దాటి వచ్చేవాడు ఎవడుంటాడు?

నా భయం వేరు. మా అన్నయ్య థేడీ ఎండుగడ్డి కోత రోజుల్లో నాన్నతో మాటా మాటా పెరిగి, చేతిలో ఉన్న పంగల కర్ర పొలంలోనే పారేసి, ఇంగ్లండు పడవ ఎక్కాడు. అప్పటికి నేనింకా జడ వేసుకునేదాన్ని. ఇప్పుడు ఆ జుట్టంతా తెల్లబడింది. ఇంతకాలంలో వాడి దగ్గర నుంచి ఒక్క కబురు లేదు. అక్కడ మనవాళ్ళు పనిచేసే చోట్లకి మేం రాయించిన ఉత్తరాలన్నీ అలాంటి పేరుగలవాడు లేడని తిరిగొచ్చాయి. నవంబరు మాకు చనిపోయినవాళ్ళ నెల. ప్రతి ఇంటివాళ్ళూ పోయిన తమవాళ్ళ పేర్లు కవరులో పెట్టి ఇస్తే ఫాదర్ వాటిని బలిపీఠం మీద ఉంచి నెలంతా ప్రార్థిస్తాడు. ఏటా నాన్న పేరు రాస్తాను, అమ్మ పేరు రాస్తాను, థేడీ దగ్గరికి వచ్చేసరికి చేయి ఆగిపోతుంది. బతికున్నవాణ్ణి చచ్చినవాళ్ళలో కలపడం పాపం. చచ్చినవాడికి ప్రార్థన ఎగ్గొట్టడం ఇంకా పాపం. వాడు ఉన్నాడా లేడా, ఈ ఒక్క సంగతి తెలిస్తే నాకింకేం అక్కర్లేదు.

మా ఇంట్లో తాత నాటి నుంచీ ఒక పద్ధతి ఉంది. చీకటి పడ్డాక అందరూ ఇల్లు చేరేదాకా కుక్కను లోపలికి తేకూడదు. ఆఖరున వచ్చినవాడే దాన్ని వెంటబెట్టుకుని రావాలి. మంచు కమ్మినప్పుడు మా బురదనేలలో అడుగు ఎక్కడ పడుతుందో తెలీదు, ఇంటి కుక్క అరుపు విని దాన్ని పట్టుకునే నడవాలి. అందుకని ఎవరైనా ఇంకా రావలసి ఉంటే 'కుక్క ఇంకా బయటే ఉంది' అనేవాళ్ళు. ఆ మాట మా ఇంట్లో పుట్టి ఊరంతా పాకింది. విన్నీ పబ్బు మూసే వేళ ఎవడికైనా ఇంకో గ్లాసు మీద ఆశ ఉంటే "కుక్క ఇంకా బయటే ఉంది విన్నీ" అంటాడు. థేడీ వెళ్ళిపోతూ సందు మలుపులో వెనక్కి తిరిగి నాతో అన్నది కూడా ఆ తరహా మాటే. "కుక్కను లోపలికి తేకు డింఫ్నా." నేను తేలేదు. ఆ కుక్క పోయింది, దాని తర్వాత ఇంకోటి, ఆ తర్వాత ఇంకోటి. ఇప్పుడున్నది టాస్. అన్నీ పెరట్లో గడ్డి కొట్టంలోనే పడుకున్నాయి.

"వెనక నుంచి రండి, ఆ తలుపు రాదు," అని కేకేశాను.

లెస్లీ గోర్మన్ ఇంటి చుట్టూ తిరిగి వచ్చాడు. సన్నగా పొడుగ్గా ఉన్నాడు, నలభై దాటి ఉంటాయి. బూట్లు గడప దగ్గర గీకి గీకి తుడుచుకున్నాడు. అంత మర్యాద చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది.

"టీ తాగుతారా?" అన్నాను.

"వద్దండి, ఇప్పుడే తాగొచ్చాను."

"ఒక్క చుక్క తాగండి."

"అయ్యో, మీకెందుకు శ్రమ."

"నీళ్ళు మరిగే ఉన్నాయి."

"సరే అయితే, అర కప్పు చాలు."

మైల్స్ కనుబొమలు పైకి లేచాయి. నావీ లేచే ఉంటాయి. ఇంగ్లీషువాళ్ళకి వద్దంటే వద్దనే. రెండుసార్లు వద్దని మూడోసారి ఒప్పుకోవడం బడిలో నేర్పరు. ఈ మనిషిని పెంచిన ఇంట్లో మనవాళ్ళు ఎవరో ఉన్నారు, ఆ సంగతి ఇతను ఊళ్ళో ఎవరికీ చెప్పలేదు.

రికార్డరు బల్ల మీద పెట్టి 'కల్చీ' అనే మాటతో మొదలుపెట్టాడు. డబ్లిన్‌వాళ్ళు మాలాంటి పల్లెటూరివాళ్ళను ఎగతాళి చేసే మాట అది.

"కిల్టిమా అని మా జిల్లాలోనే ఊరుంది," అన్నాడు మైల్స్. "ఆ ఊరి పేరే డబ్లిన్‌వాళ్ళ నోట్లో పడి అలా అయింది. రాసుకోండి."

"అదేం కాదు," అన్నాను. "కూల్ అన్ టీ. ఐరిష్‌లో ఇంటి వెనక అని అర్థం. మేం వెనక తలుపున వచ్చేవాళ్ళమని ఆ పేరు పెట్టారు."

"నీకెవరు చెప్పారు?"

"నీకెవరు చెప్పారో ముందు అది చెప్పు."

లెస్లీ నవ్వాడు. "నేను ముందు తలుపు కొట్టాను కాబట్టి కల్చీని కానన్నమాట."

"ఏమిటో ఇంకా తేలలేదు," అన్నాడు మైల్స్.

ఆ తర్వాత 'క్రాక్' సంగతి వచ్చింది. నలుగురు చేరి నవ్వుకుంటూ పొద్దుపుచ్చడాన్ని మేం క్రాక్ అంటాం, ఇప్పుడు పర్యాటకుల కోసం దాన్ని చొక్కాల మీద కూడా అచ్చేస్తున్నారు. ఆ మాట నిజానికి స్కాట్లండు నుంచి, ఇంగ్లండు ఉత్తరాది నుంచి వచ్చిందని, ఐరిష్ అక్షరాలు తర్వాత తొడిగారని లెస్లీ కాస్త బెరుగ్గానే చెప్పాడు. మైల్స్ కప్పు కింద పెట్టేశాడు.

"మీ ఇంగ్లీషువాళ్ళు మా పొలాలు పట్టుకుపోయారు, అడవులు పట్టుకుపోయారు. ఇప్పుడు మా సరదా కూడా మీదేనంటారా?"

"నేనేం పట్టుకుపోలేదండీ."

"ఇంకా పోలేదు." మైల్స్ కుర్చీలో వెనక్కి వాలాడు. "'స్లీవీన్' అడగండి, దానికి అర్థం నాకు బాగా తెలుసు. నవ్వుతూ ఇంట్లోకొచ్చి, ఏం కావాలో చెప్పకుండా, కావలసింది పట్టుకుపోయేవాడు. మాట ఎక్కడ పుట్టిందో గానీ మనిషి మాత్రం ఎప్పుడూ బయటి నుంచే వస్తాడు."

లెస్లీ ఎర్రబడ్డాడు కానీ లేవలేదు. రికార్డరు మీట నొక్కి ఆపేశాడు. అన్ని మాటలూ అది తిరుగుతుండగా అడిగినవాడు ఈ ఒక్కదానికీ ఎందుకు ఆపాడా అనుకున్నాను.

"ఇంకొక్కటి. 'కుక్క ఇంకా బయటే ఉంది' అని ఇక్కడ ఎవరైనా అంటారా? అర్థమేమిటి?"

నా చేతిలో టీ కెటిల్ ఉంది. అది పొయ్యి మీద పెట్టాను. బల్ల కింద మైల్స్ బూటు నా కాలికి తగిలింది, అతను మెల్లగా తన్నానని అనుకుని ఉంటాడు.

"ఎక్కడ విన్నారు?" అన్నాను.

"కోవెంట్రీలో. ఎవరో అన్నారు."

"ఎవరు?"

అతను నీళ్ళు నమిలాడు. "ఓ పెద్దాయన."

"మా వైపు మాట కాదది," అన్నాడు మైల్స్ చటుక్కున. "కెర్రీ వాళ్ళది అయ్యుంటుంది. వాళ్ళ మాటలకి తలా తోకా ఉండదు."

లెస్లీ నా వైపు చూశాడు. అడగవలసిన ప్రశ్న నా నాలుక మీదే ఉంది. ఆ పెద్దాయన ఉన్నాడా? అంతే, మూడు మాటలు. కానీ అడిగితే జవాబు వస్తుంది. ఇన్నేళ్ళూ తెలియదు తెలియదని ఏడ్చినదాన్ని, తెలిసే ఘడియ వచ్చి నా బల్ల ముందు కూర్చుంటే వెనక్కి తగ్గాను.

"వినలేదండీ," అన్నాను.

వెళుతూ పెరట్లో ఆగి టాస్ తల నిమిరాడు. "చలికి కూడా ఇది ఇక్కడేనా పడుకునేది?"

"దానికి ఇల్లు పడదు," అన్నాను.

అతను సందు దాటగానే మైల్స్ అందుకున్నాడు. "చూశావా? థేడీ పేరు చెప్పుకుని వచ్చాడు. మీ నాన్న పోతూ పోతూ పొలం ఎవరి పేర రాశాడు? థేడీ పేర. నువ్వు ఇన్నేళ్ళుగా కాపలా కాస్తున్నావు. ఆ గ్రాటీల ఇంట్లో ఏమైంది? బోస్టన్ నుంచి మేనల్లుడొచ్చాడు, పాత గోడ పట్టుకుని ఏడ్చాడు, ఆర్నెల్లలో లాయరు కాగితం వచ్చింది."

"వీడి పేరు గోర్మన్. మా ఇంటిపేరు గాకన్."

"అదే నేనూ అంటున్నా. నిజమైనవాడైతే పేరెందుకు మారుస్తాడు?"

మైల్స్ అనుమానంలో తప్పు పట్టడానికి నాకేమీ కనిపించలేదు. అయినా అతని మొహం చూస్తే కోపం వచ్చి, టీ అయిపోయిందని చెప్పి పంపేశాను.

శనివారం సాయంత్రం పూజ అయ్యాక పబ్బులో ఊరంతా చేరింది. మైల్స్ అప్పటికే ఇల్లిల్లూ తిరిగి చెప్పేశాడు. డింఫ్నా పొలానికి ఎసరు పెట్టడానికి వచ్చాడు, ఆ కుక్క మాట ఎవరూ ఎత్తకండి అని. బార్నగీలో ఒకరినొకరు పలకరించుకోని ఇళ్ళు చాలా ఉన్నాయి, కానీ బయటివాడు ఏదైనా అడిగితే మాత్రం ఊరంతా ఒక్కటే నోరు. ఆ రాత్రి అందరూ నా కోసమే అబద్ధాలాడడానికి తయారై కూర్చున్నారు. నాకు ఏడుపు రావలసింది, చిరాకు వచ్చింది.

లెస్లీ పాపం రికార్డరు పట్టుకుని బల్ల బల్లకీ తిరిగాడు. మనవాళ్ళు ఉత్సాహంగా కోతలు కోశారు. పేరు గుర్తురాని ఏ వస్తువునైనా మేం 'యోక్' అంటాం. అది ఇంగ్లీషులో యోక్ అనే ఎద్దుల కాడి నుంచి వచ్చిందని ఒకడు చెప్పాడు. కాదు, కొట్టు నిండా సామాన్లుండి ఒక్కదాని పేరూ తెలియని యోక్ అనే షావుకారు వల్ల వచ్చిందని పాడ్జ్ లవెల్ ప్రమాణం చేశాడు. ఆ షావుకారు సమాధి కూడా చూపిస్తానన్నాడు. తియ్యటి ముఖస్తుతిని 'ప్లామాస్' అంటాం, దానికి ముగ్గురు మూడు పుట్టుకలు చెప్పి, మూడూ నిజమేనని ఒప్పుకున్నారు. లెస్లీ అన్నిటికీ తల ఊపాడు.

ఆఖరికి ఆ మాట అడిగాడు.

పాడ్జ్ గ్లాసులోకి చూశాడు. "వినలేదు," అన్నాడు. పక్కవాడు "వినలేదు" అన్నాడు. విన్నీ బల్ల తుడుస్తూ "మా వైపు లేదండీ" అంది. అలా గోడ దాకా వెళ్ళింది. తర్వాత విన్నీ గంట మోగించినప్పుడు పాడ్జ్ అలవాటు కొద్దీ గ్లాసు ఎత్తి "కుక్క ఇం..." అనబోయాడు, మైల్స్ పెద్దగా దగ్గి అతని కాలు తొక్కాడు. లెస్లీ కోటు వేసుకుంటున్నాడు. చూశాడో లేదో నాకు తెలియలేదు.

ఆదివారం చర్చి గుమ్మంలో ఫాదర్ డర్కన్ నన్ను ఆపాడు. "నీ కవరు ఇంకా రాలేదమ్మా. థేడీ సంగతి ఈ ఏడైనా..."

"రేపిస్తాను ఫాదర్," అన్నాను. రేపు పొద్దున బస్సుకి లెస్లీ వెళ్ళిపోతాడని విన్నీ చెప్పింది. వాడితో పాటే నా జవాబూ వెళ్ళిపోతుంది. నేను చేయవలసిందల్లా నోరు మూసుకుని ఒక రాత్రి గడపడం.

మసక చీకటి పడుతుండగా పెరటి గొళ్ళెం లేచింది. మైల్స్ నా ఎదురుగానే కూర్చుని ఉన్నాడు, కాబట్టి అతను కాదు. తలుపు తట్టకుండా, కేక వేయకుండా లెస్లీ లోపలికి వచ్చాడు. వచ్చాక పలకరించాడు.

"క్షమించండి. వెళ్ళిపోయే ముందు ఒక్క మాట. ఈ ఊళ్ళో ఏ మాట అడిగినా కనీసం మూడు పుట్టుకలు చెప్పారు. లేని షావుకారుని పుట్టించి సమాధి కూడా కట్టారు. ఆ ఒక్కదానికి మాత్రం ఒక్కరూ ఒక్క అబద్ధం కూడా చెప్పలేదు. వినలేదన్నారు, అందరూ ఒకేలాగ. నాకప్పుడే అర్థమైంది ఆ మాట ఇక్కడిదేనని. అడిగినప్పుడల్లా మీ వైపు చూశారు కాబట్టి మీదేనని కూడా."

ఊరి తెలివి అంతా ఒక్కచోట పప్పులో కాలేసింది.

"మీరెవరు?" అన్నాను.

"ఆ పెద్దాయన కొడుకుని. పన్ను ఎగ్గొట్టడానికి మేస్త్రీల దగ్గర దొంగ పేర్లతో పనిచేసే రోజుల్లో గోర్మన్ అని చెప్పాట్ట, అదే ఉండిపోయింది. అసలు పేరు మా అమ్మకి కూడా చెప్పలేదు. మేయో జిల్లా అన్నాడు, ఏ ఊరో అనలేదు. నా దగ్గరున్నవి ఆయన నోటి మాటలే. ఏ మాట ఏ ఊళ్ళో వినిపిస్తే అటు వచ్చాను."

"ఆ పొలం సంగతి..." అన్నాడు మైల్స్.

"ఏ పొలం?"

మైల్స్ అతని మొహంలోకి చాలాసేపు చూసి, టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు.

లెస్లీ నిలబడే చెప్పాడు. "పోయిన వేసవిలో ఆసుపత్రిలో ఉన్నాడు. ఆఖరి వారం ఒకటే అడిగేవాడు, కుక్క ఇంకా బయటే ఉందా అని. మాకెప్పుడూ కుక్క లేదు. ఏదో కలవరింత అనుకున్నాను. ఊరుకోబెడదామని, లేదు నాన్నా, లోపలికి తెచ్చేశాం, పడుకో అన్నాను. ఆయన గోడ వైపు తిరిగి ఏడ్చాడు. మా నాన్న ఏడవడం నేను చూడలేదు అంతకు ముందు. మళ్ళీ మాట్లాడకుండానే పోయాడు. నేనేం అన్నానో నాకు తెలియాలి. అందుకే వచ్చాను. పుస్తకమూ లేదు, ఏమీ లేదు."

అయితే ఇది. పోయిన వేసవి. నేను గడ్డి కోయించి, టాస్‌కి పేలు తీసి, థేడీ ఎక్కడున్నాడో అనుకుంటున్న రోజులు. ఏడవడానికి తర్వాత వేళ ఉంటుంది, ముందు ఈ మనిషికి జవాబు చెప్పాలి. అబద్ధం చెప్పడం నాకు వచ్చు, ఆ వారమంతా చెప్పాను. అతని మొహం చూశాక మాత్రం రాలేదు.

"అందరూ ఇంటికొచ్చాకే కుక్కను లోపలికి తెస్తారు," అన్నాను. "తెచ్చేశారంటే ఇంక ఎవరి కోసమూ చూడటం లేదని."

అతను బల్ల అంచు పట్టుకున్నాడు.

"కానీ నువ్వు చెప్పింది నిజం కాదు," అన్నాను. మీరు అనడం ఎప్పుడు మానేశానో నాకు తెలియదు. "వాడు వెళ్ళినప్పటి నుంచి ఈ ఇంట్లో కుక్క ఒక్క రాత్రి లోపల పడుకోలేదు. మైల్స్‌ని అడుగు."

"మంచు పడ్డా," అన్నాడు మైల్స్. "నేనే తిట్టేవాణ్ణి."

లెస్లీ కుర్చీలో కూలబడి రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. నేను కప్పు కడిగి టీ పోశాను, ఈసారి అడగలేదు. పొద్దున ఫాదర్‌కి ఇవ్వవలసిన కవరు గూట్లో ఉంది. అందులో రాయవలసిన పేరు ఇప్పుడు నాకు తెలుసు, థేడీ గాకన్, గోర్మన్ కాదు. బయట టాస్ ఒకసారి మొరిగింది.

"లే," అన్నాను.

"ఎక్కడికండీ?"

"అత్తా అను. వెళ్ళి ఆ కుక్కను తీసుకురా. ఆఖరున వచ్చినవాడే తేవాలి, అది ఈ ఇంటి పద్ధతి."

అతను వెళ్ళాడు. గడప దగ్గరికి వచ్చి టాస్ ఆగిపోయింది, దానికి లోపల అనేది ఒకటుందని తెలియదు. థేడీ కొడుకు వంగి దాన్ని చేతుల్లోకి ఎత్తుకుని లోపలికి తెచ్చాడు. నేను లేచి వెళ్ళి తలుపు గడియ వేశాను.